గోడ తాగిన ఊపిరి

ముగ్గురాళ్లపాడులో కాకి పుట్టేటప్పుడు నల్లగానే పుడుతుంది. రెండేళ్లు సున్నపు బట్టీల మీద ఎగిరాక కొంగ అవుతుంది. నమ్మనివాళ్లు పల్నాడు దాకా వచ్చి కళ్లారా చూసుకోవచ్చు. కాకపోతే చూసి తిరిగి వెళ్లేసరికి వాళ్ల మీసాలు కూడా తెల్లబడి ఉంటాయి గనుక, వాదించే ఓపిక మిగలదు.

అలాంటి ఊళ్లో, బట్టీ పొగలోనే పుట్టి పెరిగిన కోటేశ్వరి డిగ్రీలో చేరింది. మేజరు కెమిస్ట్రీ. దానికి తోకలాగా ఒక మైనరు సబ్జెక్టు పట్టుకోవాలన్నారు. ఊళ్లో పిల్లల దరఖాస్తులన్నీ నింపిపెట్టేది హైమావతి. బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్టు కొట్టు ఆమెది. కోటేశ్వరి కంప్యూటర్లు కావాలంది. కంప్యూటర్లలో సీట్లు అయిపోయాయి. మిగిలినవి రెండే, పూలతోటల పెంపకం, ఫోరెన్సిక్ సైన్సు.

"ఈ ఊళ్లో పూలమొక్క సున్నం తిని చస్తుంది. నేరాలంటావా, నీళ్లు పోయకపోయినా మొలుస్తాయి" అని హైమావతి ఆ రెండోదానికి టిక్కు పెట్టేసింది.

ఇంటికి వచ్చి నాయనమ్మ అంకమ్మకు చెబితే, ఆ చదువులో ఏం నేర్పుతారని అడిగిందామె. అడుగుజాడ చూసి మనిషిని పోల్చుకోవడం, వేలిముద్ర పట్టడం, వస్తువును చూసి జరిగింది చెప్పడం అని మనవరాలు వివరించింది. అంకమ్మ బుగ్గన ఆకు సర్దుకుంది. మీ తాత చెప్పులకంటిన బురద చూసి ఏ పాకలో తాగొచ్చాడో నలభై ఏళ్లు చెప్పాను, నాకెవరిచ్చారే సర్టిఫికెట్టు అని నవ్వింది.

ఆ పాఠం చెప్పే భుజంగరావు మాస్టారు అసలు కెమిస్ట్రీ మనిషి. ఫోరెన్సిక్ చెప్పేవాళ్లు దొరక్క ప్రిన్సిపాలు ఆయన నెత్తిన పెట్టాడు. పెట్టిన మర్నాటినుంచి ఆయనకు అది పూనకమైంది. దీపపు మసి, మొహానికి రాసుకునే పౌడరు కలిపి గాజుగ్లాసుల మీద వేలిముద్రలు తీయించాడు. స్టాఫు రూములో సున్నుండలు మాయమైతే, డబ్బా మూత మీది ముద్రను బట్టి లైబ్రేరియన్ను పట్టించాడు. ఆ లైబ్రేరియన్ ఇప్పటికీ ఆయనకు కొత్త పుస్తకం ఇవ్వడు. యాభై రెండేళ్లు వచ్చినా మాస్టారు పెళ్లి చేసుకోలేదు. పడమటి బజారులో ఒంటిగది అద్దె కొంప, అందులో పుస్తకాలు, ఒక మంచం, ఒక గురక. ఆ గురకకు పక్కింటి గేదె బెదిరి పాలు ఎగదన్నేదని చెప్పుకుంటారు.

ప్రతి క్లాసూ ఆయన ఒకే మాటతో మొదలుపెట్టేవాడు. మనిషి మరిచిపోతాడు, భయపడతాడు, మొగమాటపడతాడు. వస్తువుకు ఈ మూడూ లేవు. కాబట్టి వస్తువునే అడగండి.

ఒకరోజు, తడి సున్నం దేనికి గట్టిపడుతుందని అడిగాడు. క్లాసంతా ఎండకు అంది. కోటేశ్వరి ఒక్కతే గాలికి అంది. మాస్టారి కళ్లు మెరిశాయి. బట్టీలో రాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. ఆ సున్నాన్నే నీళ్లలో కలిపి గోడకు కొడితే, ఎగిరిపోయినదాన్ని గాలిలోంచి మళ్లీ తాగి రాయి అయిపోతుంది. గదిలో మనుషులుంటే అది తాగేది వాళ్లు వదిలిన ఊపిరినే. తాగినదాన్ని ఇక వదలదు.

"అంటే గోడలో మన ఊపిరి ఉంటుందా సార్?" అంది కోటేశ్వరి.

"ఉంటుంది. దాన్ని బయటికి లాగే పెట్టె ఒకటి ఆరేళ్లుగా చేస్తున్నాను" అని బల్ల కింద నుంచి ఏదో తీసి పైన పెట్టాడు మాస్టారు.

చూడటానికి అది పాత ప్రొజెక్టరు డొల్ల. లోపల ఫిజిక్సు వాళ్లు పారేసిన గాజు చుట్టలు, ఉబ్బసం రోగులకు పెట్టే గొట్టం, పైన ఒక పచ్చ బల్బు. గోడ నుంచి గోరంత సున్నపు పెళ్ల గీకి గాజుకుప్పెలో వేయాలి. దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగుతుంది. గోడ తాగిన ఊపిరి ఆ పొంగులో బయటపడి పెట్టెలోకి పోతుంది. తర్వాత మనిషి గొట్టంలో ఊదాలి. వేలిముద్రలాగే ఏ ఇద్దరి ఊపిరీ ఒకలా ఉండదు. లోపలి ఊపిరి, ఊదిన ఊపిరి ఒకరివే అయితే బల్బు వెలుగుతుంది. ఆయన లెక్క అది.

ఆ లెక్క తేల్చడానికి క్లాసులో ముప్పైమందికీ తలా ఒక పెంకు ఇచ్చాడు. కొత్త సున్నం పూసిన పెంకు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరూ గంప కింద అరగంట కూర్చోవాలి. కోళ్ల గంపల కింద డిగ్రీ విద్యార్థులు కూర్చున్న దృశ్యం చూసి అటెండరు రెండురోజులు సెలవు పెట్టాడు. ముప్పై పెంకులూ పెట్టెలో పెడితే ముప్పై పేర్లూ తప్పు లేకుండా పట్టింది. కోటేశ్వరికి అంతటితో తనివి తీరలేదు. హాస్టలు పిల్లిని పట్టుకొచ్చి దాన్నీ గంప కింద కూర్చోబెట్టింది. పిల్లి గొట్టంలో ఊదనంటే తోక మీద ఒక్కటిచ్చింది. అది బుస్సుమనగానే బల్బు వెలిగింది.

శివరాత్రి వెళ్లి, కోటప్పకొండ తిరునాళ్ల సందడి సద్దుమణిగాక కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఎవరింటి గోడ నుంచైనా సున్నపు పెళ్ల తెచ్చుకుంటే అందులో ఎవరి ఊపిరి ఉందో చెబుతామని మాస్టారు చాటింపు వేయించాడు. ఊరంతా వచ్చింది. కానీ ముందుగా గోడ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి హైమావతి భర్త చెంచురామయ్య లేచాడు. ఎరువుల కొట్టాయన, చెడ్డవాడు కాదు, కాస్త డాబు మనిషి. పక్కన హైమావతి కూడా ఉంది. జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఇది మా పడకగది గోడది, నన్ను పడుతుందేమో చూద్దాం అన్నాడు నలుగురికీ వినపడేలా.

నిమ్మకాయ పిండింది కోటేశ్వరే. మాస్టారు జనం వైపు తిరిగి, ముందు నేను ఊదుతాను, బల్బు వెలగదు, నాకూ ఆ ఇంటికీ ఏ సంబంధమూ లేదు గనుక, తర్వాత చెంచురామయ్య గారు ఊదుతారు, వెలుగుతుంది, తేడా గమనించండి అని చెప్పాడు. చెప్పి ఊదాడు.

బల్బు వెలిగింది.

మొట్టమొదట నవ్వింది హైమావతి. పెట్టె పాడైందనుకుంది పాపం. మాస్టారు పెట్టెను తట్టి, కొత్త పెళ్ల వేయించి మళ్లీ ఊదాడు. మళ్లీ వెలిగింది. మూడోసారి కోటేశ్వరి నిమ్మకాయను ఆఖరి చుక్క దాకా పిండింది. వెలిగింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. హైమావతి భర్త వైపు చూసింది. ఆయన నవ్వడం లేదు. పొట్లంలో మిగిలిన సున్నాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ప్రిన్సిపాలు అందరికీ టీ తయారుగా ఉందని ప్రకటించాడు. ఆ తర్వాత ఆ పెట్టెలో ఇంకెవరూ ఊదలేదు.

చెంచురామయ్య పెళ్లాన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి వెళ్లాక ఒక్కమాట కూడా అనలేదని, అదే ఆమెను ఇంట్లోంచి నెట్టేసిందని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. ఆమె సాయంత్రం దాకా ఎదురుచూసి, బట్టలు సంచీలో పెట్టుకుని స్టేషను రోడ్డులో అక్కగారింటికి వెళ్లిపోయింది. జిరాక్సు కొట్టుకు తాళం పడింది. పెద్దమనుషులు సర్దిచెప్పబోతే చెంచురామయ్య, నాకు మాత్రం సరదానా, మిషను ఎందుకు అబద్ధం చెబుతుంది అన్నాడట. పెద్దమనుషులు లేచి చెప్పులు వేసుకున్నారు. వచ్చే ఆదివారం పదిమందిలో కూర్చుని తెగతెంపులు చేసుకుంటానన్నాడు.

మాస్టారి సంగతి ఇంకా చిత్రం. తను ఆ ఇంటి గడప తొక్కలేదని ఆయనకు తెలుసు. కానీ మనిషి మరిచిపోతాడని చెప్పింది ఆయనే కదా. నిద్రలో నడుస్తున్నానేమోనని కాలి బొటనవేలికి దారం కట్టి, దానికి గంట వేలాడదీసుకుని పడుకున్నాడు. గంట మోగలేదు. గడపలో ముగ్గుపిండి చల్లి పొద్దున్నే జాడ వెతికాడు. జాడ లేదు. దాంతో అనుమానం తీరకపోగా ముదిరింది. జాడలు చెరిపే విద్య ఊళ్లో తెలిసినవాడు తనొక్కడే.

ఐదోరోజు కోటేశ్వరి వెళ్లేసరికి రాజీనామా ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి ఉంది. ఆ ఉత్తరంతో పాటే మైనరు సబ్జెక్టూ ఎత్తేస్తారని కాలేజీలో అనుకుంటున్నారు.

"మీరు వెళ్లలేదు కదా సార్. అదే చెప్పొచ్చుగా" అంది.

"నా మాట నేను నమ్మడానికైనా సాక్ష్యం ఉండాలి కదమ్మా" అన్నాడాయన. గడ్డం కూడా గీసుకోలేదు.

ఆ మాటకు ఆమెకు నవ్వు రావలసింది. రాలేదు. పెట్టెను ఇంటికి తీసుకెళ్లి చూస్తానంటే ఆయన చేయి ఊపాడు, తీసుకుపో, నా కంటికి కనపడనీయకు అన్నట్టు.

పెట్టెను సైకిలు వెనక కట్టుకుని ముందు స్టేషను రోడ్డుకు వెళ్లింది. హైమావతి వరండాలో కూర్చుని అక్కగారికి చిక్కుళ్లు ఈనె తీసి పెడుతోంది. కోటేశ్వరి క్షమాపణ చెప్పుకోబోయింది. నిమ్మకాయ పిండింది నేనే అక్కా అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

హైమావతి చేతిలో పని ఆపలేదు. "వారం నుంచి అందరూ గోడనే అడుగుతున్నారు కోటీ. నన్ను ఒక్కళ్లు అడగలా. మా ఆయన అడగలా, మా అక్క కూడా అడగలా."

కోటేశ్వరికి చెంప మీద కొట్టినట్టయింది. తనూ అడగలేదు. అప్పుడు అడిగింది, మా సారు మీ ఇంటికి ఎప్పుడన్నా వచ్చాడా అక్కా అని.

"రాలా. గుమ్మంలోక్కూడా రాలా" అని ఆమె చిక్కుడుకాయ విరిచింది. అంతే. ఆ ముక్కకు పట్టింది అరక్షణం.

తిరిగి వస్తూ కోటేశ్వరి సైకిలు తొక్కుతూనే లెక్క వేసుకుంది. హైమక్క అబద్ధం చెప్పలేదు. మాస్టారు చెప్పలేదు. పెట్టె ముప్పై పెంకుల్లో ఒక్కటీ తప్పలేదు. ఇక మిగిలింది సున్నం. పెంకులకు పూసింది క్లాసులో అప్పటికప్పుడు కలిపిన సున్నం. గోడకు కొట్టింది ఎక్కడిది? వస్తువు దొరికిన చోటు ఒక్కటే చూస్తే చాలదు, అది ఏ చేతి నుంచి ఏ చేతికి మారి అక్కడికి వచ్చిందో వరస రాయాలని రెండో పాఠంలోనే ఉంది. ఆ వరస రాయడానికి ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊళ్లో ఇళ్లకు సున్నం కొట్టేది అంకమ్మ ఒక్కతే. సున్నం పుట్టిన ఊరు గనుక అక్కడ రంగుడబ్బా కొన్నవాణ్ణి పిచ్చివాడి కింద జమకడతారు.

బట్టీ పక్కన అంకమ్మ మర్నాటి ఇంటికి సున్నం కలుపుతోంది. గోలెంలో రాళ్లు నీళ్లు తాగి కుతకుతలాడుతున్నాయి. ఆమె పక్కనున్న పాత బకెట్టులోంచి ఒక గరిటెడు తీసి గోలెంలో వేసి కర్రతో తిప్పింది. కోటేశ్వరి పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న పనే అది. పంతొమ్మిదేళ్లలో ఆరోజే కనపడింది.

"అదేంది నాయనమ్మా వేశావు?"

"తోడు. తోడెయ్యకుండా పెరుగు తోడుకుంటదా? సున్నమూ అంతే. మా అత్త ఇచ్చిన తోడు. ఆమెకు వాళ్లత్త ఇచ్చింది. ఏనాడూ తెగనియ్యలా."

తోడు ఎక్కడ నిలవ ఉంచుతావని అడిగితే అదీ చెప్పింది. సున్నం కొట్టిన ఇంట్లోనే, అడుగున మిగిలిన బకెట్టు ఆ రాత్రికి వదిలేసి వస్తుంది. తెల్లారేసరికి దాని మీద పాల మీద మీగడలా తరక కట్టి ఉంటుంది. తరకతో సహా గరిటెడు తీసి తర్వాతి ఇంటి సున్నంలో కలుపుతుంది. ఒక ఇంటి చలవ ఇంకో ఇంటికి పోవాలని పెద్దలు పెట్టిన ఆచారం. తరక ఎంత మందం కడితే పట్టు అంత గట్టి.

చెంచురామయ్య గారింటికి ముందు ఎవరిల్లు కొట్టావు అని అడిగింది కోటేశ్వరి.

"మీ సారు గదే. చోటేది ఆ గదిలో? బకెట్టు మంచం కిందికి తోసి వచ్చా. ఆ మారాజు గురకకు తెల్లారేసరికి తరక రొట్టె మందాన కట్టింది. అంత తరక నా జన్మలో చూళ్లా."

కోటేశ్వరి విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. మాస్టారి గురక ఒక్కటేనా? తోడు ఏనాడూ తెగలేదంటోంది నాయనమ్మ. అప్పుడు ఏ గోడలో ఎవరు లేరు?

ఆగలేకపోయింది. తమ ఇంటి గోడనే గీకి పెట్టెలో పెట్టింది. ఉత్తరాలిచ్చే మస్తాన్‌వలి అటుగా వస్తే సైకిలు ఆపించి ఊదించింది. అతను ఆ ఇంట్లో ఎన్నడూ కాలు పెట్టలేదు. వెలిగింది. పాలు పోసే రత్తయ్య చేత ఊదించింది. వెలిగింది. రాళ్లు దించడానికి ఒంగోలు నుంచి వచ్చిన లారీ డ్రైవరు, ఇదేం తాగినోళ్లను పట్టే మిషనా అని భయపడుతూ ఊదాడు. వెలగలేదు. మళ్లీ ఊదమంది. వెలగలేదు. ఆ చీకటి బల్బును చూసి ఆమెకు కలిగినంత సంతోషం దీపావళికి కూడా కలగలేదు. పెట్టె పాడవలేదు. ఊరే అలా ఉంది.

కానీ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. మొహం ఎందుకు మాడ్చుకున్నావని అంకమ్మ అడిగింది. కోటేశ్వరి నెమ్మదిగా విడమరిచింది. ఈ సంగతి పదిమందిలో చెబితే హైమక్క ఇల్లు నిలబడుతుంది, సారు ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఊళ్లో దేవుడి గదులున్నాయి, వంటిళ్లున్నాయి. అంకమ్మకు నీళ్లు పైనుంచి పోసే ఇళ్లున్నాయి. మడిబట్ట ఆరేసిన దండెం కిందికి నీడ కూడా పడనివ్వని ఇళ్లున్నాయి. ఆ గోడలన్నిటిలోనూ చెప్పులు కుట్టే పేట నుంచి మసీదు వీధి దాకా అందరి ఊపిరీ ఉందని తెలిస్తే, ఇక నిన్నెవరు పిలుస్తారు నాయనమ్మా?

అంకమ్మ వేళ్ల మీద ఇళ్లు లెక్కపెట్టుకుంది. బుగ్గన ఆకు నమలడం కూడా మానేసింది.

"సగం ఇళ్లు పోతయ్" అంది చివరికి. కర్రను గోలెం అంచుకు కొట్టి సున్నం దులిపింది. "ఆ హైమావతి నాకెప్పుడూ కాఫీగళాసు వేరే పెట్టలా. పద, చెబుదాం."

ఆదివారం పొద్దున చెంచురామయ్య ఇంటి ముందు పందిరి కింద పదిమంది కూర్చున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్లు వంద. మాస్టారిని అటెండరు చేయి పట్టుకుని తీసుకొచ్చాడు, శిక్షకు తయారైనవాడిలా ఉన్నాడు. హైమావతి అక్కగారి పక్కన, జనానికి కొంచెం ఎడంగా నిలబడింది. కోటేశ్వరి పెట్టెను అరుగు మీద పెట్టి, ఆ పడకగది గోడ నుంచే అందరూ చూస్తుండగా పెళ్ల గీకించింది. చెంచురామయ్య ఊదాడు. వెలిగింది. అందులో వింత లేదు. ఆ గది ఆయనదే.

"ఆరోజు బల్బు వెలగంగానే మేం ఆగిపోయాం. రెండో మనిషిని పిలవలా. ఇవాళ పిలుస్తా" అంది కోటేశ్వరి.

ఎవరిని పిలవాలో ఆమె ముందే అనుకుంది. వీధి చివర సీతారావమ్మ గారు నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. మడి కోసం నలభై ఏళ్లుగా పరాయి ఇంటి గడప తొక్కలేదు, ఇక్కడికీ వీధిలోనే నిలబడటానికి వచ్చింది. ఎంగిలి గొట్టం నోట పెట్టనంది. కోటేశ్వరి కొత్త గొట్టం తీసి, పసుపునీళ్లతో కడిగి ఇచ్చింది. ఆమె పక్కకు తిరిగి, ఉఫ్ అని, వేడి పాలు ఊదినట్టు ఊదింది.

పచ్చగా వెలిగింది.

చెంచురామయ్య పడకగదిలో సీతారావమ్మ గారు అన్న ఊహకు మొదట పందిరి కింద పెద్దమనుషులే పొట్టలు పట్టుకున్నారు. తర్వాత మస్తాన్‌వలి ఊదాడు, వెలిగింది. పాస్టరు గారు ఊదాడు. పెద్దమనుషుల్లో ఒకాయన, నేను ఊదను అంటూనే ఊదాడు. రత్తయ్య, టైలరు, బస్టాండులో బజ్జీలు వేసే ఆమె, వరసగా నిలబడ్డారు. కాసేపటికి అది తగాదా అన్న సంగతి మరిచిపోయి, నాదీ చూడు నాదీ చూడు అని ఒకరినొకరు తోసుకున్నారు. ఆ పూట మళ్లీ రాళ్లు తెచ్చిన ఒంగోలు లారీ డ్రైవరు ఒక్కడు ఊదితేనే బల్బు వెలగలేదు. అతను చిన్నబుచ్చుకున్నాడు కూడా.

అప్పుడు అంకమ్మ లేచి, గరిటె చేత్తో పట్టుకునే, తోడు సంగతి చెప్పింది. దాచలేదు, బతిమాలలేదు. గురక సంగతి కూడా చెప్పింది. నవ్వు ఒక్కసారిగా సగంలో తెగింది. తమ తమ దేవుడి గదులు గుర్తొచ్చినవాళ్లు లేచి నిలబడ్డారు. ఇంటికి పోయి గోడలు ఇటుక దాకా గీకించేస్తానన్నాడొకడు. గీకించాక మళ్లీ ఏ సున్నం కొట్టిస్తావురా అని ఇంకొకడు అడిగాడు. ఇక మా గుమ్మం తొక్కవద్దని ముగ్గురు అక్కడికక్కడే అంకమ్మ మొహం మీద అన్నారు. ఆమె తలూపింది. సీతారావమ్మ గారు మాత్రం కొంగు సర్దుకుంది. వెళ్లబోతూ, నలభై ఏళ్లుగా అందరూ నా వంటింట్లోనే ఉన్నారటే అంకీ, అయితే నేను ఒంటిగా ఉన్నదెప్పుడే అని అడిగి, జవాబు వినకుండా నడిచింది.

మాస్టారు పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. ఆరేళ్ల కష్టం ఊళ్లో ఇక దేనికీ పనికిరాదు. ఏ గోడ పెట్టినా ఊరంతా వెలుగుతుంది. ఆయనకు ఏడుపు వస్తుందేమోనని కోటేశ్వరి దగ్గరికి వెళ్లింది.

"నేను ఒక్కణ్ణే ఊది ఆగిపోయానమ్మా. నా విద్యార్థి ఇలా చేసుంటే పరీక్ష తప్పించేవాణ్ణి" అన్నాడు. అని, గొంతు తగ్గించి, అయితే మీ నాయనమ్మ వాళ్లత్త, ఆ అత్తకు అత్త, వాళ్ల ఊపిరి కూడా ఆ తోడులో ఉండాలి కదా, దాన్ని విడదీయగలమంటావా అని అడిగాడు. కళ్లలో మళ్లీ ఆ మెరుపు వచ్చింది. రాజీనామా ఉత్తరం మడత జేబులోంచి తీసి, వెనకవైపు ఏవో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు.

చెంచురామయ్య లేచి పైకండువా సర్దుకుని హైమావతి ముందుకు వెళ్లాడు. నలుగురూ వింటున్నారు గనుక ఎక్కువ మాట్లాడలేక, పద ఇంటికి అన్నాడు.

హైమావతి కదల్లేదు. ఆయన ఆ మాట ఇంకోసారి అన్నాడు, ఈసారి కొంచెం తగ్గి.

"మిషను చెప్పింది కాబట్టి తెగతెంపులన్నావు. మిషను చెప్పింది కాబట్టి రమ్మంటున్నావు" అందామె. "నువ్వేమన్నావు ఇందులో?"

ఆయన కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు. హైమావతి కాసేపు చూసి, ఇక ఆయనను వదిలేసి అంకమ్మ వైపు తిరిగింది. ఆ గది గోడలు నాలుగూ గీకించి కొత్త సున్నం కొట్టించాలంది. కొట్టాల్సింది ఆయనే, తన చేత్తో. సున్నంలో తోడు పడకూడదు.

తోడు లేకుండా అనేసరికి అంకమ్మకు మూడిళ్లు పోయినప్పుడు రాని కోపం వచ్చింది. నిలవదమ్మాయ్, నాలుగు వానలకు పెచ్చులూడుద్ది, నా చేత్తో అట్టాంటి సున్నం కలపను అంది.

"ఊడితే మళ్లీ కొట్టిస్తా. ఈ ఒక్కసారికి కలుపు పెద్దమ్మా" అంది హైమావతి.

అంకమ్మ సణుగుతూనే కలిపింది. కొత్త గోలెం, కొత్త రాయి, బోరింగు నీళ్లు. జన్మలో మొదటిసారి గరిటె పక్కన పెట్టి, చేతులు ఏం చేయాలో తెలియక పైటతో తుడుచుకుంది. చెంచురామయ్య మంగళవారమంతా గోడలు గీకాడు. బుధవారం పొద్దున నిచ్చెనెక్కి సున్నం కొట్టాడు. గోడకు పడినదానికంటే ఆయన మీద పడిందే ఎక్కువ. దిగేసరికి మీసం, కనుబొమలు, ఎరువుల కొట్టు డాబు అన్నీ తెల్లబడి ఉన్నాయి.

అప్పుడు హైమావతి అక్కగారింటి నుంచి వచ్చింది. తడి గోడల మధ్య కుర్చీ ఒకటి వేయించుకుంది. కిటికీ మూసింది. అందరినీ బయటికి పొమ్మని తలుపు వేసుకుని, ఒక్కతే కూర్చుంది.

చెంచురామయ్య అరుగు మీద కూలబడ్డాడు. కోటేశ్వరి ఖాళీ బకెట్లు సర్దే నెపంతో అక్కడే తిరిగింది. ఆ గోడ గోరంత గీకి చూడాలని ఆమె వేళ్లు లాగుతున్నాయి. ఊపిరిలో కోపం ఉంటే తెలుస్తుందా, ఏడుపుంటే తెలుస్తుందా, ఇంతవరకు ఎవరూ చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరో తెచ్చిచ్చిన టీ అరుగు మీద తరక కట్టింది. పన్నెండు దాటాక చెంచురామయ్య ఉండబట్టలేక లేచి, తలుపు మీద వేలితో మెల్లగా తట్టాడు.

"ఆరిందా హైమా?"

లోపల కుర్చీ కిర్రుమంది.

"ఇంకా తడిగానే ఉంది" అంది.